ప్రహేళికా లక్షణము – గళ్ళ నుడికట్టు : అక్షర, వర్ణ వివేచన

ఆలంకారికులు ప్రహేళికను కావ్యపంక్తిలో కూర్చుండనీయలేదు. సాహిత్యదర్పణకర్త విశ్వనాథుడు రసమునకు అడ్డు వచ్చునది కనుక ప్రహేళిక అలంకారమే కాదని, అది కేవలము ఉక్తివైచిత్ర్యమని తీర్పు చెప్పినాడు. భామహుడు వ్యాఖ్య లేనిదే బోధపడని కావ్యము పండితులకు పండుగ కావచ్చును గాని మందబుద్ధులకు చావేనని ఎత్తిపొడిచినాడు. రుద్రటుడు మాత్రాచ్యుతకాదులను క్రీడామాత్రముగా లెక్కించినాడు. అయినను వాత్స్యాయనుని చతుష్షష్టి కళలలో ప్రహేళికకు చోటు దక్కినది. బాణుడు కాదంబరిలో శూద్రక మహారాజు ప్రొద్దుపుచ్చు విధమును వర్ణించుచు అక్షరచ్యుతక, మాత్రాచ్యుతక, బిందుచ్యుతక, గూఢచతుర్థపాద, ప్రహేళికలను వరుసగా పేర్కొన్నాడు. కావ్యముగా నిరాకరింపబడినది వినోదముగా రాజసభలో నిలిచినదన్నమాట. ఇరువదవ శతాబ్దమున అదే వినోదము వారపత్రికల చివరి పుటలలో నల్లగడులు, తెల్లగడులతో తెలుగు ఇండ్లలోనికి వచ్చినది. దానిని గళ్ళ నుడికట్టు అన్నారు, పదబంధ ప్రహేళిక అన్నారు.

ఈ రెండు పేర్లను పక్కపక్కన పెట్టి చూచిన ఒక విశేషము తోచును. నుడి అనగా పదము, కట్టు అనగా బంధము. కావున 'నుడికట్టు', 'పదబంధము' ఒకదానికొకటి అచ్చమైన పర్యాయములు. భేదమంతయు మిగిలిన మాటలోనే ఉన్నది. దేశ్యనామము గడిని పట్టుకొన్నది, సంస్కృతనామము ప్రహేళికను పట్టుకొన్నది. ఒకటి రూపమును చెప్పినది, మరొకటి స్వభావమును చెప్పినది. ఈ రూపస్వభావములు రెండును ఒకే చోట పుట్టినవి కావు. గడుల రూపము పాశ్చాత్యమే. లివర్‌పూల్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఆర్థర్ విన్ 1913 డిసెంబరు 21న 'న్యూయార్క్ వరల్డ్' పత్రికలో వజ్రాకృతి గల తొలి గడుల చిక్కును ప్రకటించినాడు. అందులోని ఆధారములు సూటియైన అర్థములే గాని గూఢములు కావు. గూఢత ఇంగ్లండులో చేరినది. 1926 నుండి 'అబ్జర్వర్' పత్రికలో 'టార్క్వెమాడా' అను మారుపేరుతో ఎడ్వర్డ్ పొయిస్ మాథర్స్ కూర్చిన చిక్కులలో ఆధారము పైకి ఒకటి చెప్పి లోపల మరొకటి ఉద్దేశించుట నియతమైనది. అనగా, ప్రహేళికాస్వభావము గడులలో ప్రవేశించినది అప్పుడే. తెలుగున శ్రీశ్రీ, ఆరుద్ర వంటి మహాకవులే కూర్పరులైనారు. సమగ్రాంధ్ర సాహిత్యమును రచించిన చేయియే గళ్ళ నుడికట్టును కూర్చినదనుట ఈ ప్రక్రియను చిన్నచూపు చూచువారు గుర్తుంచుకొనవలసిన విషయము. ఆంగ్లమున 'హిందూ' పత్రికకు ప్రహేళికలు కూర్చినవారిలో 1958లో భారత నౌకాదళాధిపతి పదవి నధిష్ఠించిన తొలి భారతీయుడు అడ్మిరల్ ఆర్. డి. కటారి ఉన్నారు.

ఇక్కడ విచారణీయమైన ప్రశ్న ఒకటి. దండి మొదలైనవారు చెప్పిన ప్రహేళికాలక్షణము నేటి గళ్ళ నుడికట్టుకు వర్తించునా? వర్తించినచో ఎంతవరకు? 'మనవద్ద అన్నియు పూర్వమే ఉన్నవి' అను వాదము సులభము, ప్రయోజనము తక్కువ. శాస్త్రము ఎక్కడ పొసగునో, ఎక్కడ పొసగదో విడదీసి చూపినప్పుడే కూర్పరికి గాని పూరించువానికి గాని అది పనికివచ్చును.

దండి కావ్యాదర్శ తృతీయపరిచ్ఛేదమున పదునారు ప్రహేళికాభేదములను నిరూపించినాడు. అవి పూర్వాచార్యులు చెప్పినవేనని, వారు పదునాలుగు దుష్టప్రహేళికలను కూడ పఠించినారని చెప్పి, దోషములకు అంతు లేదు గనుక సాధువులను మాత్రమే చెప్పెదనని ముగించినాడు. ప్రయోజనములు మూడు చెప్పినాడు : క్రీడాగోష్ఠులలో వినోదము, జనసమ్మర్దమున తెలిసినవారితో రహస్యభాషణము, ఇతరులను భ్రమింపజేయుట. మొదటి ప్రయోజనము గోష్ఠితో ముడిపడి ఉన్నదనుట గమనార్హము. ప్రహేళిక ఒంటరి విద్య కాదు. పొడుచువాడు, విప్పువాడు ఉండవలెను, వారి నడుమ ఒక సమయము, అనగా ఒప్పందము, ఉండవలెను. అవధానమున పృచ్ఛకునకు, అవధానికి నడుమ ఉన్న బంధము ఇట్టిదే. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు అక్షరమును నిషేధింపగలడు గాని, ఏ అక్షరమును నిషేధించినాడో చెప్పకుండ ఉండజాలడు.

పదునారు భేదములలో నుడికట్టుకు మిక్కిలి దగ్గరివి కొన్నియే. సమాగత అనునది పదముల సంధిచేత అర్థము దాగినది. దండి ఉదాహరణమున నాయకుడు తన మనస్సు 'ఆగస్సు' రుచి, అనగా అపరాధపు రుచి, ఎరుగదని చెప్పుచున్నాడు. కాని యాంతాదేశము వలన 'మే' అనునది 'మయ్' అయి, వెనుకనున్న ఆకారముతో కలిసి, వినువానికి పాలు పెరుగుల మాటగా 'గోరస' శబ్దము వినబడును. పదము ఎక్కడ విరుగునో తెలియకపోవుటయే చిక్కు. తెలుగు కూర్పరి 'మన సుకవిలో దాగిన హృదయము (3)' అని ఆధారము ఇచ్చినాడనుకొనుడు. 'మన సుకవి' అను రెండు పదములను విరుపు మార్చి చదివిన 'మనసు' దొరకును. సంధి లేదు గాని, విరుపును మార్చి పదమును దాచు పద్ధతి సమాగతదే. వంచిత అనగా ఒక అర్థమున రూఢమైన శబ్దమును మరొక అర్థమున వాడి మోసగించునది. 'తల తిరిగితే తీగ (2)' అన్నప్పుడు చదువరికి కన్ను చీకటి కమ్మిన మనిషి తోచును, కూర్పరికి మాత్రము 'తల' అను రెండక్షరములు వెనుక నుండి ముందునకు తిరిగి 'లత' అగుట తోచినది. సమానశబ్ద అనగా పదమునకు బదులు దాని పర్యాయముతో సాధించునది. 'సముద్రపు మొదలు పోగా విషమే మిగిలినది (3)' అను ఆధారమున సముద్రమును సాగరముగా మార్చుకొని, తొలి అక్షరమును తీసివేసిన 'గరము' మిగులును. గరమనగా విషము. క్షీరసాగర మథనకథ మనస్సున మెదలుట కూర్పరి అదృష్టము.

మిగిలినవానిలో వ్యుత్క్రాంత, అనగా అన్వయింపవలసిన పదములను దూరదూరముగా విసరివేయుట, నుడికట్టున దోషముగానే పరిణమించును. పరుష, అనగా వ్యాకరణసూత్రము అనుమతించుచున్నదన్న ఒక్క కారణముచేత ఎవరును వాడని రూపమును నిర్మించుట, పత్రికాపాఠకుని పట్ల క్రూరమే. దండి వీనిని సాధువులలో చేర్చుటకు కారణము శ్లోకము మొత్తము కన్నులయెదుట ఉండుట. గడులలో ఆధారమునకు ఐదారు మాటలే అవకాశము.

దండి పదునారింటికంటె నుడికట్టుకు ఉపకరించునది ధర్మదాసుని విదగ్ధముఖమండనము. అంతర్లాపిక, బహిర్లాపిక అను విభాగము అక్కడ ప్రసిద్ధము. సమాధానము శ్లోకములోనే పొదిగి ఉన్న అది అంతర్లాపిక, వెలుపలి నుండి తెచ్చుకొనవలసిన అది బహిర్లాపిక. గూఢమైన గడి ఆధారమును ఈ దృష్టితో పరిశీలించిన, అది ఏకకాలమున రెండునని తేలును. 'తల తిరిగితే తీగ' అన్నచోట 'తీగ' అనునది బహిర్లాపము. తీగకు పర్యాయములు వల్లి, వ్రతతి, లత మొదలైనవి వెలుపలి నుండి రావలెను. 'తల తిరిగితే' అనునది అంతర్లాపము. సమాధానపు అక్షరములు ఆ మాటలలోనే ఉన్నవి. రెండు దారులును ఒకే పదమున కలిసినప్పుడు పూరించువానికి సందేహము తీరును. ఖండించు గడి మూడవ సాక్ష్యము. న్యాయశాస్త్రమున ఒకే ప్రమేయమునందు అనేక ప్రమాణములు ప్రవర్తించుటను ప్రమాణసంప్లవము అందురు. నైయాయికులు అంగీకరించి బౌద్ధులు నిరాకరించిన ఆ వాదము ఇక్కడ ఆటస్థలమున నిలిచి ఉన్నది. పొడుపుకథకును నుడికట్టుకును గల అసలు భేదము కూడ ఇదే. పొడుపుకథకు విడుపు ఒక్క దారిన వచ్చును. విప్పినవాడు సరియని అనుకొన్నను, పొడిచినవాడు ఒప్పుకొనవలసి ఉన్నది. చక్కని నుడికట్టున పూరించినవానికి కూర్పరి అంగీకారముతో పని లేదు.

ఈ స్వయంనిశ్చయము లేనిచోట ఏమి జరుగునో చూపుటకు మన దేశచరిత్రలోనే ఒక ఘట్టము ఉన్నది. స్వాతంత్ర్యము వచ్చిన తొలి సంవత్సరములలో పెద్ద బహుమతులతో గడుల పోటీలు నడిచినవి. వానిలో ఆధారము రెండు మూడు పదములకు సమానముగా పొసగును. ఏది సరియో ముద్రవేసిన కవరులో ముందే దాచబడి ఉండును. మచ్చుకు, 'ఇది తోడున్న భయము లేదు' అని చెప్పి '–నము' అని గడులిచ్చినారనుకొనుడు. ధనమా, జనమా? పాండిత్యము నిర్ణయింపలేదు, అదృష్టము నిర్ణయించును. ఆంధ్ర, హైదరాబాదు రాష్ట్రములతో సహా పలు శాసనసభల తీర్మానముల మీద 1955లో పార్లమెంటు బహుమతి పోటీల చట్టము చేసినది. నెలకు వేయి రూపాయలు మించిన బహుమతిని నిషేధించినది, ప్రవేశపత్రములకు రెండువేల పరిమితి పెట్టినది. 1957లో చమర్‌బాగ్‌వాలా వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఆ చట్టము జూదస్వభావము గల పోటీలకే వర్తించునని, నైపుణ్యముపై గణనీయముగా ఆధారపడిన పోటీలకు వర్తింపదని నిర్ణయించినది. దండి విడిచిపెట్టిన దుష్టప్రహేళికల పట్టికను న్యాయస్థానము మరొక భాషలో పూరించినదనిన తప్పు లేదు. నైపుణ్యమా, అదృష్టమా అను ప్రశ్నకు ఆలంకారికుని సమాధానమును న్యాయమూర్తి సమాధానమును ఒక్కటే : విప్పుటకు కావలసిన సామగ్రి ఆధారములోనే ఉన్నదా, లేదా?

ఇంగ్లండున 'అఫ్రిట్' అను కూర్పరి 1949లో ఈ విషయముననే ఒక నియమము చెప్పినాడు. కూర్పరి పైకి తోచిన అర్థమునే ఉద్దేశింపనక్కరలేదు గాని, ఉద్దేశించినదానిని మాత్రము మాటలలో ఉంచి తీరవలెనని దాని భావము. 1966లో 'జిమెనీస్' అను పేరుతో ప్రసిద్ధుడైన డి. ఎస్. మాక్‌నట్ ఆ నియమమును గ్రంథరూపమున విస్తరించినాడు. తెలుగున అట్టి లక్షణగ్రంథము కావలసి ఉన్నది. కావలసినది ఆంగ్లనియమముల అనువాదము కాదు. తెలుగు లిపి ఆంగ్లలిపి వంటిది కాదు గనుక నియమములు ఇక్కడి నుండి పుట్టవలెను.

ఆంగ్లమున గడికి ఒక వర్ణము, తెలుగున గడికి ఒక అక్షరము. ఈ ఒక్క భేదము నుండి ఎన్నో ఫలితములు వచ్చుచున్నవి. ఏడు వేర్వేరు వర్ణముల ఆంగ్లపదమును 5040 విధముల తారుమారు చేయవచ్చును. తెలుగున మూడక్షరముల పదము 6 విధములను, నాలుగక్షరముల పదము 24 విధములను మించదు. 'చెదరిన కవనము తొమ్మిదింటి కూటమి (4)' అన్న, 'నవకము' అని తేల్చుటకు క్షణము చాలును. కావున అక్షరములను చెల్లాచెదరు చేయుట తెలుగున బలహీనమైన సాధనము. దానినే నమ్ముకొన్న కూర్పరి చిక్కు చప్పగా ఉండును. శ్లేష, పర్యాయము, చ్యుతదత్తములు ఇక్కడి బలములు. అమరకోశపు నానార్థవర్గమున 'హరి' శబ్దమునకు విష్ణువు, సింహము, గుర్రము, చిలుక, పాము, కోతి, కప్ప మొదలైన అర్థములున్నవి. 'కోతి దేవుడైనది (2)' అను ఆధారము అమరము వల్లించిన విద్యార్థికి పసిబిడ్డ ఆట. వల్లింపనివానికి ఆంజనేయుని చుట్టూ ప్రదక్షిణమే.

అక్షరమునకు లోపల కూడ తెలుగున ఆటస్థలము ఉన్నది. ఆంగ్లమున ఇది లేదు. 'దీర్ఘము తీసిన కాలముతో వ్రాయవచ్చును (3)' అన్న 'కలము'. ఇది అచ్చమైన మాత్రాచ్యుతకము. 'సున్న పోయిన పంది సున్న ఉన్న సంఖ్య అయినది (2)' అన్న 'పది'. ఇది బిందుచ్యుతకము. పూర్ణబిందువునకును అంకెలలోని శూన్యమునకును తెలుగున సున్న అని ఒకే పేరు ఉండుట వలననే ఈ ఆధారము నిలిచినది. 'వనము ముందు ఒక అక్షరము నిలిచిన గాలి (4)' అన్న దత్తాక్షరము. పవనము, భవనము, జీవనము, భువనము అన్నియు ఈ అచ్చులోనివే. గాలి అను బహిర్లాపము లేనిచో ఆధారము జూదమగును. బాణుడు శూద్రకునకు చెప్పిన వినోదములలో మూడు ఈ విధముగా పేరు కూడ మార్చుకొనకుండ గడులలో నిలిచి ఉన్నవి. దండి పదునారింటికంటె, ఏ లక్షణకర్తయు గౌరవింపని ఈ చ్యుతకములే నేటి తెలుగు కూర్పరికి నిజమైన పైతృకము.

ఇక అసలు చిక్కు. దండి సంఖ్యాత అను భేదమునకు ఇచ్చిన ఉదాహరణము ప్రసిద్ధము. ఒక పురమున్నది, దాని నడుమ నాసికావర్ణమున్నది, చుట్టు నాలుగు వర్ణములు అలంకరించినవి, అక్కడి రాజుల పేరు అష్టవర్ణాత్మకము అని దాని తాత్పర్యము. వర్ణశబ్దము చాతుర్వర్ణ్యమును స్ఫురింపజేసి మోసగించును. సంప్రదాయవ్యాఖ్య దీనికి కాంచీపురము, పల్లవులు అని విడుపు చెప్పినది. క్, ఆ, ఞ్, చ్, ఈ అని విడదీసిన నడుమ ఞకారము, అటునిటు రెండేసి వర్ణములు. ప్, అ, ల్, ల్, అ, వ్, ఆ, విసర్గ అని లెక్కించిన 'పల్లవాః' ఎనిమిది. అక్షరసంఖ్య చెప్పి పదమును అడుగు నేటి ఆధారమునకు ఇంతకంటె దగ్గరి పూర్వరూపము దొరకదు. అయితే దండి లెక్కించినది వర్ణములను, అక్షరములను కాదు. తెలుగు గడులలో వ్రాసిన కాంచి రెండే గడులు. దండి లెక్కకు ఐదు.

ఈ రెండు లెక్కల నడుమ తెలుగు నుడికట్టు ఎటు నిలువవలెను? వరంగల్లు జిల్లాలో, కాజీపేట – విజయవాడ రైలుమార్గము మీద ఉన్న నెక్కొండ పేరును పరీక్షాస్థలముగా గ్రహింపవచ్చును. స్థలనామవ్యుత్పత్తి ఇక్కడ విచారణీయము కాదు. రూపము మాత్రమే విచారణీయము. నె, క్కొం, డ అని మూడు గడులు. వర్ణములుగా న్, ఎ, క్, క్, ఒ, బిందువు, డ్, అ అని ఎనిమిది. పల్లవులవలె నెక్కొండయు అష్టవర్ణమే. ఈ పేరులో 'కొండ' దాగి ఉన్నదా? చెవిని అడిగిన ఉన్నదనును. గడిని అడిగిన లేదనును. కొం, డ అను రెండు గడులు అందులో లేవు. ఉన్నది క్కొం. పూర్వకకారము పరకకారమును విడువదు.

సమీపముననే ఉన్న మరి రెండు పేర్లను చేర్చిన విషయము స్పష్టపడును. హ, ను, మ, కొం, డ అను హనుమకొండలో కొండ రెండు నిండు గడులుగా దొరకును. సందేహమే లేదు. నల్లగొండలో సరళము వచ్చినందున గొండ మాత్రమే మిగిలినది. చెవికి కొండ స్ఫురించినను గడిలోను లేదు, వర్ణములలోను లేదు. నెక్కొండ ఈ రెంటికి నడుమ ఉన్నది. వర్ణములలో కొండ ఉన్నది, గడులలో లేదు. 'హనుమకొండ చివర పర్వతము (2)' సాధువు. 'నల్లగొండ చివర పర్వతము' అసాధువు. 'నెక్కొండ చివర పర్వతము' అన్నదానిని ఏమనవలెను?

అంగీకరించువారి వాదము తేలికగా త్రోయదగినది కాదు. మన వ్యాకరణములు పదమును వర్ణములుగానే విడదీసినవి. సంధికార్యము వర్ణమునకు గాని అక్షరమునకు కాదు. దండి లెక్క వర్ణములది. ప్రాచ్యకళాశాలలో చదువుకొన్న విద్యార్థికి నెక్కొండను విడదీయుట కష్టము కాదు. పైగా మాత్రాచ్యుతకమును, బిందుచ్యుతకమును అంగీకరించినవాడు అక్షరమును ఇదివరకే లోపలికి తెరచినాడు. ఇప్పుడు ద్విత్వము దగ్గర తలుపు మూయుటకు హేతువేమి?

నిరాకరించువారి వాదము గడి నుండి పుట్టినది. ఒక గడి అడ్డపదమునకును నిలువుపదమునకును ఉమ్మడి సొత్తు. ప్రతాపరుద్రీయమున విద్యానాథుడు చిత్రబంధములను ప్రస్తావించినాడు. పద్మబంధమున కర్ణికలోని అక్షరము ప్రతి దళముతోను కలిసి చదువబడును. కర్ణికలో ఒక దళమునకు ఒక రూపమును, మరొక దళమునకు వేరొక రూపమును ఉండిన బంధము చెడును. గడియు అట్టిదే. దానిలో వ్రాసిన అక్షరము రెండు దిక్కులను ఒక్క రూపమున తృప్తిపరచవలెను. వర్ణవిభాగమును స్వేచ్ఛగా అనుమతించిన, పూరించువాడు ప్రతి గడిని తెరచి చూడవలసి వచ్చును. ఎక్కడ ఆగవలెనో ఆధారము చెప్పదు.

ఈ వివాదమునకు పరిష్కారము చ్యుతకముల స్వభావములోనే ఉన్నది. 'దీర్ఘము తీసిన' అని చెప్పినందువలననే కాలము కలమైనది. 'సున్న పోయిన' అని చెప్పినందువలననే పంది పదియైనది. అక్షరమును తెరచుట తప్పు కాదు, తెరచినట్లు చెప్పకపోవుట తప్పు. కావున 'నెక్కొండ చివర పర్వతము' అసాధువే. 'తలా ఒత్తూ పోయిన నెక్కొండ పర్వతము (2)' మాత్రము నిర్దుష్టము. తల అనగా తొలి అక్షరము 'నె' పోయినది, ఒత్తు పోయినందున 'క్కొం' అనునది 'కొం' అయినది. ఒకటి అక్షరచ్యుతకము, రెండవది వ్యంజనచ్యుతకము అనదగినది. చేసిన ప్రతి పనికిని ఆధారములో ఒక మాట ఉన్నది. తలను, ఒత్తును పోగొట్టుకొన్న తరువాత కొండ బయటపడినదను చమత్కారము అదనపు లాభము.

ఈ సూత్రమును ఒప్పుకొన్న పిమ్మట మరొక దోషమును గుర్తింపవలసి ఉన్నది. పలక, కలప అను పదములు ఒకదానికొకటి విలోమములు. 'పలక, కలప తిరగబడినవి (3)' అను ఆధారము రెండు దిక్కులను చూచుచున్నది. ఏది సమాధానమో నిశ్చయింపదు. ఇంతవరకు దోషము తెలిసినదే. తెలియనిది ఏమనగా, ఖండించు గడి నడిమిదైనచో అది కూడ సహాయము చేయలేదు. రెండు పదములకును నడిమి అక్షరము లకారమే. మూడక్షరముల విలోమములన్నిటికిని ఇది సహజధర్మము. అట్టి పదమును మొదటి గడియో కడపటి గడియో ఖండించునట్లు అమర్చుట, లేదా 'పలకను తిరగవేసిన కలప' అని విభక్తితో దిక్కును తేల్చుట కూర్పరి విధి. ద్వితీయావిభక్తి ఒక్కటి దుష్టప్రహేళికను సాధువుగా మార్చినది.

కడపటి గడి విషయమున తెలుగునకు ప్రత్యేకమైన ఇబ్బంది ఉన్నది. తత్సమములైన అమహత్తులలో అధికభాగము 'ము' వర్ణకముతో ముగియును, మహద్వాచకములు 'డు' తో ముగియును. అడ్డపదము చివరి గడిని నిలువుపదము ఖండించి అక్కడ 'ము' వచ్చినదన్న, పూరించువానికి క్రొత్తగా తెలిసినది ఏమియు లేదు. మూడవ ప్రమాణము పేరునకే ఉన్నది. గడులను నింపుట కూర్పరికి దీనివలన సులభమగును. అందుచేతనే దీనిని విడుచుట కష్టము. నాలుగు మూలలను 'ము' తో మూసిన చిక్కులను చూచినప్పుడు శ్రమ ఎవరిదో, విశ్రాంతి ఎవరిదో తెలియును.

ఇదే పదమును 'కలం' అని వ్రాసిన రెండు గడులు, 'కలము' అని వ్రాసిన మూడు. 'హనుమకొండ' ఐదు గడులు, 'హన్మకొండ' నాలుగు. 2021లో జిల్లా పేరు హనుమకొండగా స్థిరపడినను వ్రాతలో రెండును కనబడుచున్నవి. 'వాక్' వంటి పదములోని పొల్లును ఛందస్సున పూర్వాక్షరముతో కలిపి లెక్కింతురు. గడులలో దానిని పూర్వాక్షరముతో ఒకే గడిలో ఉంచుటయా, వేరు గడి ఇచ్చుటయా అనునది కూర్పరి ముందుగా చెప్పవలసిన విషయము. ఆధారము చివర కుండలీకరణములలో ఇచ్చు సంఖ్య ఈ సందేహములను కొంత తీర్చును. అయితే ఆ సంఖ్య అక్షరములదని, బిందువును విసర్గను పూర్వాక్షరములో చేర్చి లెక్కించినదని, శకటరేఫమును సాధురేఫమును ఒకటిగా గ్రహింపవచ్చునో లేదో, 'ము' వర్ణకమునకు బదులు పూర్ణబిందువు వాడినారో లేదో చిక్కు తలపున ఒక్క వాక్యముగా ప్రకటించిన చాలును. ప్రతాపరుద్రీయము పాఠ్యముగా గల తరగతులలో విద్యార్థులచేత వారమునకొక నుడికట్టును కూర్పించినప్పుడు, వారు మొదట వ్రాయవలసినది ఆ వాక్యమే. ఆధారములు ఆ తరువాత.